కౌంటరు ఇవతలి మాటలు

32 ఏళ్లు బ్యాంకులో క్యాషు కౌంటరు వెనుక కూర్చున్నాను. పాస్‌బుక్కు అందిస్తూ కూతురి పెళ్లి సంగతి, పెన్షను తీసుకుంటూ మోకాళ్ల నొప్పుల సంగతి, ఏమీ లేకపోతే ఎండల సంగతి నాకు చెప్పని మనిషి లేడు. నేను మంచి మాటకారినని ఇంట్లో కూడా చెప్పుకునేవాణ్ణి. రిటైరయిన ఆరు నెలలకు అసలు సంగతి తెలిసింది. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున నడకకు వెళితే రోజూ అవే మొహాలు ఎదురవుతాయి. వాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు. పలకరిద్దామంటే మొదటి మాట నోట్లోనే ఉండిపోతుంది. కౌంటరు దగ్గర ఆ మొదటి మాట ఎప్పుడూ అవతలివారిదే కదా, నాకు అలవాటు ఎక్కడిది?

కార్తీక మాసంలో మా ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది. ఒక చేతిసంచీ సర్దుకుని నేను కూడా బయల్దేరాను. అరకు, విజయనగరం, బొబ్బిలి, రాజాం, పొందూరు. పెట్టుకున్న నియమం ఒక్కటే: ఫోనులో మ్యాపు చూడకూడదు. దారైనా, బస్సు టైమైనా, ఏ హోటల్లో ఇడ్లీ బాగుంటుందన్నదైనా మనిషినే అడగాలి.

మొదటి రోజు: కిరండూల్ ప్యాసింజరు

విశాఖ స్టేషన్లో ఏడు కాకముందే రైలు కిక్కిరిసింది. సగం మంది అరకు చూడబోయేవాళ్లు, మిగతా సగం ఆ దారిలో ఊళ్లున్నవాళ్లు. ఏది ఎవరో చూడగానే తెలిసిపోతుంది. మొదటి రకం కిటికీల కోసం కొట్లాడతారు, రెండో రకం ఎక్కీ ఎక్కగానే నిద్రపోతారు. నాకు రెండో రకం మధ్య చోటు దొరికింది. ఎదురుగా టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకున్న ఒకాయన, పక్కన అన్నాచెల్లెళ్లలా ఉన్న ఇద్దరు పిల్లలు, వాళ్ల అమ్మ.

కొత్తవలస దాటేదాకా ఒక్క మాటా లేదు. నేను మాట్లాడాలనుకున్న ప్రతిసారీ గొంతు సవరించుకోవడంతో సరిపోయింది. ఎదుటాయన నా వైపు మంచినీళ్ల సీసా జరిపారు, దగ్గు వస్తోందనుకుని.

శృంగవరపుకోట దాటాక కొండలు దగ్గరయ్యాయి. పిల్లవాడు ఎన్ని సొరంగాలొస్తాయని వాళ్లమ్మను అడిగాడు. ఆవిడకు తెలియదు. అవకాశం వచ్చింది కదా అని నేను అందుకున్నాను: "ముప్ఫై ఉంటాయి బాబూ."

అంతే. నిద్రపోతున్నారనుకున్నవాళ్లంతా లేచారు. "ముప్ఫై ఏమిటండీ, యాభై ఎనిమిది!" అని పై బెర్తు నుంచి ఒక గొంతు. "యాభై రెండని మా మావయ్య చెప్పాడు" అని తలుపు దగ్గర కూర్చున్న కుర్రాడు. జామకాయలమ్మే ఆవిడ గంప దించి మరీ వాదనలో దిగింది. చివరికి తీర్పు టిఫిను డబ్బా ఆయనది. ఆయన ఈ లైనులోనే పట్టాల పని చేస్తారట. "58 మాట నిజమే. కానీ అది కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం లైను లెక్క. అరకులో దిగేవాళ్లకు అన్నీ రావు" అన్నారు. ఆ తరవాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. బైలదిల్లా కొండల ఇనుప రాయిని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో ఈ లైను వేశారని, అందుకే ఇప్పటికీ ఇక్కడ దొరతనం రాయిదేనని, మనుషుల బండి పక్కకు ఆగి గూడ్సుకు దారి ఇవ్వాల్సిందేనని చెప్పారు. ఆ మాట అన్న కాసేపటికే మా రైలు ఆగింది. పక్క పట్టాల మీద ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లు లెక్క తప్పేటన్ని వెళ్లాయి. "చూశారా" అన్నట్టు ఆయన కనుబొమలు ఎగరేశారు.

సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేశారు. మూడో సొరంగంలో నేను కూడా వేశాను. చీకట్లో ఎవరికి కనబడుతుంది?

శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ చల్లగాలి తగలగానే టిఫిను డబ్బా ఆయన మఫ్లరు తీసి చుట్టుకున్నారు. నాకు లేదని చూసి, "తల తడుముకుంటూ వచ్చేశారా?" అన్నారు. అరకులో నేను దిగుతుంటే పిల్లవాడు కాగితంలో చుట్టిన జామకాయ ముక్క ఒకటి చేతిలో పెట్టాడు, ఉప్పూ కారం అద్ది.

లెక్క తప్పు చెబితే మనుషులు మేల్కొంటారన్న రహస్యం పట్టేశానని ఆ రాత్రి లాడ్జిలో చాలాసేపు మురిసిపోయాను.

రెండో రోజు: సంత

అరకు సంత చుట్టూ పొలాల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టున్నాయి. సెల్ఫీలు దిగేవాళ్ల దగ్గర పొలం వాళ్లు డబ్బు తీసుకుంటున్నారు. తీసుకోవాలి కూడా. తొక్కిన పైరు ఎవరిది మరి?

సంతలో నా తప్పుల విద్య పారలేదు. అల్లం కుప్ప ముందు కూర్చున్న ఒక ముసలావిడను పలకరించాను. ఆవిడ మాట ఆదివాసీ ఒడియా, నాది తెలుగు. ధర దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే భాష. బేరం అయిపోయింది, మాట కూడా అయిపోయింది. పక్క గంపలో పిప్పళ్లున్నాయి, వాటి పక్కన అడ్డాకుల కట్టలు. ఏమడగాలో తెలియక అలాగే గొంతుకూర్చున్నాను. కాసేపటికి ఆవిడే నోటి దగ్గర వేలు పెట్టి గీసినట్టు చూపించింది. అగ్గిపెట్టె. నేను పొగతాగను. పక్క బడ్డీలో కొని తెచ్చిచ్చాను. ఆవిడ చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. అడ్డపొగ. ఉత్తరాంధ్రలో పుట్టినవాణ్ణి, మా నాయనమ్మ అలాగే తాగేది. ఆ సంగతి చేతులతో చెప్పాను, నాయనమ్మకు ఇంత కొప్పు, ఇక్కడ ముక్కెర అని. ఆవిడ చుట్ట తీయకుండానే నవ్వింది. అగ్గిపెట్టెలోంచి నాలుగు పుల్లలు తీసుకుని పెట్టె నాకు తిరిగి ఇచ్చేసింది. అన్నీ ఉంచుకోమన్నా ఒప్పుకోలేదు.

టీ బడ్డీ దగ్గర కలిసిన రైతుకు తెలుగు బాగా వచ్చు. ఎకరంన్నర కాఫీ తోట. పళ్లు ఎర్రబడుతున్నాయి, కోతలు మొదలయ్యాయట. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ. అరకు కాఫీకి పారిస్‌లో 2017లో దుకాణం తెరిచారని చదివిన సంగతి చెప్పాను. ఆయనకు అది తెలుసు. ఎవరో ఫోనులో ఫోటో చూపించారట. "మీ ఇంట్లో కాఫీ ఎలా కాస్తారు?" అని అడిగాను.

"మేము టీ తాగుతామండీ" అని చేతిలో గ్లాసు చూపించారు.

మధ్యాహ్నం బస్సు ఎక్కి అనంతగిరి ఘాట్ దిగి విజయనగరం చేరాను. బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి బహు మర్యాదస్తుడు. మీదే ఊరు అన్నారు, ఎవరి తాలూకు అన్నారు, పిల్లలెంతమంది అన్నారు. ఇవి మన వైపు మామూలే. ఎవరి తాలూకు అన్న ప్రశ్నలో దూరపు చుట్టరికమేదైనా తగులుతుందేమోనన్న ఆశ కూడా ఉంటుంది. తరవాత ఇంటిపేరు అడిగారు. చెప్పాను. అది ఆయన గూటిలో దేనిలోనూ సరిగ్గా ఇమడలేదు కాబోలు, గొంతు తగ్గించి, "ఇంతకీ మీరు ఏమిట్లు?" అన్నారు.

"బ్యాంకు వాళ్లమండీ" అన్నాను.

ఆయన నవ్వారు. నేను కూడా నవ్వాను. శృంగవరపుకోట బస్టాండులో టీ తాగుదాం రమ్మన్నారు, వెళ్లాను, డబ్బులు ఆయనే ఇచ్చారు. కానీ ఆ ప్రశ్న తరవాత మా మధ్య మాట మాత్రం మళ్లీ లేవలేదు. నా జవాబు తెలియక ఆయనకు నాతో ఎలా మాట్లాడాలో తెలియలేదు. జవాబు తెలిశాక ఎలా మాట్లాడతారో తెలుసుకోవాలని నాకు లేదు.

మూడో రోజు: మంగలి కత్తి

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో ఒక క్షవరశాల. రెండు కుర్చీలు, ఒక టీవీ, గోడకు పైడితల్లి అమ్మవారి క్యాలెండరు. గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాను. నురగ పూశాక నా విద్య ప్రయోగించాను.

"అమ్మవారి పండగలో సిరిమానుకు కొబ్బరి చెట్టు వాడతారు కదండీ?"

కత్తి ఆగింది. "కొబ్బరి చెట్టా?" అన్నారు ఆయన. వెనుక బల్ల మీద పేపరు చదువుతున్న ఇద్దరూ పేపర్లు దించారు. చింత మాను, చింత మాను తప్ప ఇంకోటి పనికిరాదు అని ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టారు. అమ్మవారు పూజారి కలలో కనబడి ఆ మాను ఎక్కడుందో చెబుతుంది. దసరా వెళ్లిన మంగళవారం నాడు ఆ పొడుగాటి మాను కొసన పీట కట్టి, పూజారిని కూర్చోబెట్టి, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ఆయన కింద జనం అరటిపళ్లు విసురుతారు. ఒకాయన తన చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని విసిరిన పండు ఎవరి గుండు మీద పడిందో కూడా చెప్పాడు.

కథ రంజుగా ఉంది. నేను మైమరచి వింటున్నాను. అప్పుడు మంగలాయన కత్తి మెడ మీద ఆనించి, అద్దంలో నా కళ్లలోకి చూశారు.

"ఇందాక మీది విశాఖ అన్నారు."

"అవునండీ."

"పుట్టింది కూడా ఇటేనన్నారు."

"అవును."

"సిరిమాను చింతదని తెలియదా మీకు?"

మెడ మీద కత్తి ఉన్నప్పుడు అబద్ధం ఆడకూడదు. తెలుసని ఒప్పుకున్నాను. మాట కలపడానికి అలా అన్నానని చెప్పాను. బల్ల మీద ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. గడ్డం పూర్తి చేసి, పటిక రాసి, తువ్వాలుతో అద్ది, డబ్బులు తీసుకుంటూ అన్నారు: "దానికి అబద్ధం ఎందుకండీ. పండగ ఎలా జరిగిందని అడిగితే చెప్పమా?"

చెవులు వేడెక్కాయి. పటిక వల్ల కాదు.

ఆ సాయంత్రం మహారాజా సంగీత కళాశాల గేటు దాకా వెళ్లాను. 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. లోపల ఎవరో వయొలిన్ మీద ఒకే సంగతిని పదేపదే దిద్దుకుంటున్నారు. వాచ్‌మన్ నన్ను చూశాడు, నేను వాచ్‌మన్‌ను చూశాను. ఇద్దరం వింటూ నిలబడ్డాం. ఆ రోజుకు నా నోరు అంతకన్నా తెరుచుకోలేదు.

నాలుగో రోజు: గొల్లపల్లిలో పంటి నొప్పి

బొబ్బిలి అనగానే ఎవరికైనా 1757 నాటి యుద్ధం గుర్తొస్తుంది. నాకూ అదే. కానీ బస్టాండులో దిగి, "వీణలు చేసేది ఎక్కడండీ?" అని అడిగితే ముగ్గురు మూడు వైపుల నుంచి ఒకే దారి చూపించారు: గొల్లపల్లి. ఆటో ఎక్కాను.

వసారాలో ఒకాయన పనిలో ఉన్నారు. యాభై దాటి ఉంటాయి. చెంపకు తువ్వాలు కట్టుకున్నారు. చుట్టూ పసుపుపచ్చటి పనస పేళ్లు. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. కుండ, దండి, మెడ అన్నీ ఒకే కొయ్య, అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. ఇది నాకు ముందే తెలుసు. మంగలాయన మాట చెవిలో ఉంది కాబట్టి తెలియనట్టు నటించలేదు. "చూడటానికి వచ్చానండీ" అన్నాను. ఆయన తల ఊపి, గడప పక్కన బల్ల చూపించి, మళ్లీ పనిలో పడ్డారు.

పది నిమిషాలు గడిచాయి. పావుగంట. ఆయన బాడిసతో కుండ లోపల చెక్కుతున్నారు. దెబ్బ పడినప్పుడల్లా చప్పుడు మారుతోంది. మందంగా ఉన్నచోట ముద్దగా, పలచబడిన చోట కొంచెం గణగణమంటూ. మధ్యమధ్య వేలి కణుపుతో కొట్టి చూసుకుని, ఇంకో రెండు దెబ్బలు వేస్తున్నారు. గోడకు ఆనించి యాళి ముఖం చెక్కిన ఒక వీణ ఉంది, ఇంకా మెట్లు ఎక్కలేదు. 24 మెట్లను మైనం మీద ఒక్కొక్కటే శ్రుతి చూసి నిలపడాన్ని మేళం కట్టడం అంటారు. చేతి పని అంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. షోకేసులో పెట్టుకునే మూరెడు వీణలు మాత్రం అట్టపెట్టెల్లో సిద్ధంగా ఉన్నాయి. వాటికి శ్రుతితో పని లేదు.

ఆయన మాట్లాడటం లేదు. నేను వచ్చింది నచ్చలేదేమో, లేచి వెళ్లిపోదామా అనుకుంటున్నాను. అప్పుడు దుంగ జారింది. "ఆ చివర పట్టుకోండి" అన్నారు. బల్ల దిగి, కింద కూర్చుని, దండి కొసను రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన కొట్టే ప్రతి దెబ్బా నా మోచేతుల దాకా వస్తోంది. అలా పది నిమిషాలు. తరవాత ఆయన బాడిస పక్కన పెట్టి, చెంప పట్టుకుని, "రాత్రంతా నిద్ర లేదండీ, పన్ను" అన్నారు.

అదీ సంగతి. నాకిష్టం లేని మౌనం అంతా ఒక దవడ పన్నుది! ఇక మా మాటలకు అడ్డే లేదు. వీణ గురించి ఒక్క ముక్క లేదు. లవంగం పెట్టారా అంటే పెట్టాను అన్నారు. ఉప్పునీళ్లు పుక్కిలించారా అంటే పొద్దున్నుంచి అదే పని అన్నారు. డాక్టరు పీకేస్తానన్నాడట, ఆయనకు భయం. నాకు నిరుడు రెండు పళ్లు తీశారు. సూది పొడిచేటప్పుడు తప్ప నొప్పి లేదని, ఆ సాయంత్రమే ఐస్‌క్రీం తిన్నానని చెప్పాను. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, "ఇంకొకసారి చెప్పండి బాబూ, గట్టిగా చెప్పండి" అంది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆవిడ చేతుల్లో రెండు గ్లాసుల మజ్జిగ.

వచ్చేటప్పుడు మూరెడు వీణ ఒకటి కొన్నాను. ధర తగ్గించబోతే వద్దన్నాను.

అయిదో రోజు: రాజాం, వాన

రోజంతా వాన. బస్టాండులో తడిసిన గొడుగులు, ఎవరి ఫోను వారిది. ఇంజనీరింగు విద్యార్థిలా కనబడిన అబ్బాయిని పొందూరు బస్సు ఎప్పుడని అడిగితే, చెవిలో తీగ ఒకటి తీసి, తెలియదని చెప్పి, మళ్లీ పెట్టుకున్నాడు. తప్పేముంది? తెలియదనే కదా చెప్పాడు.

మా ఆవిడ ఫోను చేసింది. నాలుగు రోజుల ఘనకార్యాలన్నీ వినిపించాను. అంతా విని, "బాగుంది. తెలియని మనిషి పక్కన కూర్చుని మీరు ఎక్కడిదాకా అంటే అది ముచ్చట. అదే మాట నేను ఒక మగవాడితో అంటే దిగేలోపు ఫోను నంబరు అడుగుతాడు" అంది. బస్టాండు చుట్టూ చూశాను. ఆడవాళ్లంతా ఒక స్తంభం చుట్టూ చేరి ఉన్నారు. వాళ్లలో వాళ్లు ఎప్పటి స్నేహితుల్లానో మాట్లాడుకుంటున్నారు. ఒకరి బిడ్డ ఇంకొకరి చంకలో ఉంది. వాళ్ల బస్సులు వేరువేరని తరవాత తెలిసింది.

ఆరో రోజు: పొందూరు

పొందూరు ఖద్దరు పేరు విననివాళ్లు తక్కువ. అది ఎలా పుడుతుందో చూసినవాళ్లు ఇంకా తక్కువ. ఒక ఇంటి అరుగు మీద డెబ్బై దాటిన ఒక మామ్మగారు ఒళ్లో పత్తి పెట్టుకుని కూర్చున్నారు. చేతిలో వాలుగ చేప దవడ. జానెడు కన్నా తక్కువే ఉంటుంది. దాని మీద కంటికి ఆనీ ఆననంత సన్నటి పళ్లు వరసగా. గింజ తీయకముందే ఆ పళ్లతో పత్తిని దువ్వుతారు. దువ్వే కొద్దీ పోగులు చిన్నపిల్ల జుట్టులా సాగి, చెత్తా పిందె రాలిపోతాయి. ఆ తరవాతే గింజ వేరుచేయడం, ఏకడం. చేసిన ఏకులను మాసిపోకుండా ఎండిన అరటి దవ్వలో దాస్తారు. వంద నంబరు సన్న నూలుకు ఇంత తతంగం ఉంది. గాంధీగారు ఈ నూలు సంగతి తేల్చుకోవడానికి కొడుకు దేవదాసును ఇక్కడికి పంపారని ఊళ్లో చెప్పుకుంటారు.

నేను నోరు తెరవలేదు. తెరిచే అవసరమే రాలేదు. "రా నాయనా, కూర్చో. ఏ ఊరు? ఏ పని? పింఛను ఎంత? పిల్లలు చూస్తారా? మీ ఆవిడను ఎందుకు తీసుకురాలేదు?" అని చేప దవడ ఆపకుండానే అడిగారు. నేను మళ్లీ కౌంటరు దగ్గర కూర్చున్నాను, ఈసారి పాస్‌బుక్కు పట్టుకున్నవైపు. అన్నీ చెప్పాను. పింఛను ఎంతో మా తమ్ముడికి కూడా తెలియదు, ఆవిడకు చెప్పాను.

రాట్నం తిప్పి చూస్తానన్నాను. నూలు తెగింది. మళ్లీ అతికించి ఇచ్చారు. మళ్లీ తెగింది. మూడోసారి నా చెయ్యి పట్టుకుని చూశారు. "నోట్లు లెక్కపెట్టిన చెయ్యి కదూ. తొందర పోలేదింకా" అన్నారు. బయల్దేరుతుంటే, ఈసారి వచ్చేటప్పుడు భార్యను తీసుకురమ్మని, ఒట్టి చేతులతో రావద్దని, తమలపాకులు తెమ్మని చెప్పారు.

పొందూరు స్టేషన్లో విశాఖ వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. కిటికీ పక్క చోటు దొరికింది. ఆరు రోజుల అలసట. ఇక ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు. కళ్లు మూసుకున్నాను.

సిగడాంలో ఎవరో ఎక్కి ఎదురుగా కూర్చున్న చప్పుడు. చెప్పులు విప్పారు. సంచీ సీటు కిందికి తోశారు. గొంతు సవరించుకున్నారు. నేను కళ్లు తెరవలేదు.

"ఈ బండి పలాస వెళ్తుంది కదండీ?"

అయ్యో అనుకుని లేచి కూర్చున్నాను. "కాదండీ! ఇది అటు నుంచి వస్తోంది. విశాఖ వెళ్తుంది."

ఆయనలో కంగారు లేదు. దిగడానికి లేవలేదు. మఠం వేసుకుని హాయిగా వెనక్కి వాలారు. సీటు కింద ఆయన సంచీ మీద విశాఖ బట్టల కొట్టు పేరు కనబడుతోంది.

"ఓహో. అయితే మీదీ విశాఖేనా?" అన్నారు.